వయసు తెచ్చిన మార్పా, హార్మోన్ల తేడానా?

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. నా వయసు 48 సంవత్సరాలు, ఉపాధ్యాయురాలిని. ఏడాదిన్నరగా విపరీతమైన నీరసంగా ఉంటోంది. ఆరు కిలోల బరువు పెరిగాను, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తోంది, తెల్లవారుజామున ఒళ్లంతా చెమటపట్టి మెలకువ వచ్చేస్తోంది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 6.2 ఉంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. మావారికి 55 ఏళ్లు. పొట్ట పెరిగింది, గురక ఎక్కువైంది, సాయంత్రానికి డీలా పడిపోతున్నారు, దేని మీదా మనసు పోవడం లేదంటున్నారు. టెస్టోస్టెరాన్ ఇంజక్షన్ల ప్రకటన చూసి వేయించుకుంటానంటున్నారు. ఒక ల్యాబ్ వాళ్లు ఇంటికే వచ్చి 40 పరీక్షల ప్యాకేజీ చేస్తామంటున్నారు. తోటి టీచర్లు ‘అంతా హార్మోన్ల వల్లే’ అంటారు, మా అత్తయ్య ‘ఈ వయసులో అందరికీ ఉండేదే’ అంటారు. ఆవిడకు 73 ఏళ్లు, మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలు వాడుతున్నారు, ముఖం ఉబ్బింది, కాస్త తగిలితే చాలు చేతులు కమిలిపోతున్నాయి, అదీ ముసలితనమే అనుకుంటున్నాం. ఏది వయసు వల్ల వచ్చేదో, ఏది హార్మోన్ల వల్ల వచ్చేదో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

మీరు చివరలో ఒక్క వాక్యంలో రాసిన సంగతితో మొదలుపెడతాను. మీ విషయమూ మీవారి విషయమూ ఒక నెల ఆగినా నష్టం లేదు గానీ, మీ అత్తయ్య గారి విషయం ఈ వారం దాటకూడదు. మోకాళ్ల నొప్పులకు పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రలలో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఉండటం మన పల్లెల్లో అరుదేమీ కాదు. నాటువైద్యం పేరుతో అమ్మే కొన్ని పొడులలోనూ ఇవి బయటపడుతుంటాయి. వేసుకున్న ఒకటి రెండు రోజులకే నొప్పి తీసిపారేసినట్టు పోవడం వల్ల రోగికి ఆ మందు మీదా, ఇచ్చినవాళ్ల మీదా గురి కుదురుతుంది. నెలలు గడిచాక ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడతాయి, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేరు, షుగరూ బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. పెద్దవయసులో ముంజేతుల మీద చర్మం కమలడం వయసు వల్ల కూడా జరుగుతుందన్న మాట నిజమే. ముఖం సంగతి మాత్రం అలా కాదు. వయసు మీద పడే కొద్దీ ముఖంలోని కొవ్వు తగ్గి చెంపలు లోపలికి పోతాయే తప్ప ముఖం ఉబ్బదు. అందుకే 73 ఏళ్ల మనిషికి ముఖం నిండుగా తయారైందంటే ఒళ్లు చేసిందని సంతోషించకుండా కారణం వెతకాలి.

ఇక్కడ మరీ ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఇది చదివిన వెంటనే ఆ మాత్రలు మాన్పించకండి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేస్తాయి. అదే పని చేసే స్టెరాయిడ్ బయటినుంచి వారాల తరబడి అందుతుంటే ఆ గ్రంథులు తమ పని మానుకుంటాయి, మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే అవి వెంటనే తిరిగి పని మొదలుపెట్టలేవు. అప్పుడు వాంతులు, బీపీ పడిపోవడం, మగత, స్పృహ తప్పడం వంటివి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో మిగిలి ఉన్న మాత్రలను, చీటీ లేకపోతే పొట్లంతో సహా, దగ్గరలోని మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుకో, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రినాలజిస్టుకో చూపించండి. అవి స్టెరాయిడ్లే అని తేలితే మోతాదును వారాల మీద, ఒక్కోసారి నెలల మీద తగ్గించుకుంటూ వచ్చి, ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష చేసి, గ్రంథులు మేలుకున్నాయని నిర్ధారించుకున్నాకే పూర్తిగా ఆపుతారు. ఈలోగా ఆవిడకు జ్వరం వచ్చినా, వాంతులు విరేచనాలు అయినా, కంటి శుక్లాల ఆపరేషన్ వంటిది చేయించాల్సి వచ్చినా, చూసే డాక్టరుకు ఈ మాత్రల సంగతి తప్పనిసరిగా చెప్పాలి. మోకాళ్ల నొప్పికి వేరే మందులు, వ్యాయామాలు ఉన్నాయి. ఆ నొప్పిని తగ్గించే దారి చూపకుండా ‘మాత్రలు మానేయమ్మా’ అంటే ఏ పెద్దావిడా మానదు, ఆమెను తప్పుపట్టడానికీ లేదు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. వయసు వల్ల వచ్చే మార్పుకు తేదీ ఉండదు. నలభై దాటాక చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంది, కండ ముప్పయ్యో ఏటి తర్వాత పదేళ్లకు మూడు నుంచి ఎనిమిది శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది, నిద్ర పలచబడుతుంది, మెట్లెక్కితే ఆయాసం ఇదివరకటి కంటే త్వరగా వస్తుంది. కానీ ఇవన్నీ ఏ నెలలో మొదలయ్యాయని అడిగితే ఎవరూ చెప్పలేరు. హార్మోన్ల జబ్బు ఉన్నవాళ్లు చాలామంది ‘పోయిన సంక్రాంతి వరకు బాగానే ఉన్నాను, అప్పటినుంచే’ అని చెప్పగలుగుతారు. పైగా హార్మోను రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి దాని తేడా ఒక్కచోట కనిపించి ఊరుకోదు, ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే నాలుగైదు ఇబ్బందులు ఇంచుమించు ఒకే కాలంలో మొదలవుతాయి. అందుకే రోగి చెప్పే వరుస క్రమానికి నేను రక్తపరీక్ష కంటే ఎక్కువ విలువ ఇస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఏది ముందు మొదలైంది, ఏది తర్వాత వచ్చింది, అప్పట్లో కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు అన్నది రాసుకోండి. ఐదేళ్ల కిందటి పెళ్లి ఫొటో ఒకటి, పదేళ్ల కిందటిది ఒకటి పట్టుకెళ్లండి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి వచ్చి గ్రోత్ హార్మోన్ ఎక్కువైనవాళ్లలో మార్పు ఎంత నెమ్మదిగా వస్తుందంటే, రోజూ చూసే ఇంట్లోవాళ్లకు అది కనిపించదు. వేలి ఉంగరం పట్టకపోవడం, చెప్పుల సైజు ఒకటి రెండు నంబర్లు పెరగడం, దవడ ముందుకు వచ్చి పళ్ల మధ్య సందులు పడటం, గురక మొదలవడం వంటివన్నీ వయసు ఖాతాలో వేసుకుని ఏళ్లు గడిపేస్తారు. పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. పెద్దవయసులో ఎవరికీ పాదాల ఎముకలు కొత్తగా పెరగవు. పాదం కాస్త వెడల్పవుతుందేమో గానీ, ఉంగరమూ చెప్పులూ రెండూ ఇరుకయ్యాయంటే అడిగి తీరాలి.

గతం గురించి కూడా అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి, మన ప్రాంతంలో వాటిని మరిచిపోకూడదు. ప్రసవ సమయంలో బాగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, అప్పటినుంచీ నీరసంగానే ఉంటూ వచ్చిన స్త్రీలు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ రక్తస్రావంలో పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉంటుంది; ఇరవై ఏళ్లు గడిచాక ఆమె చెప్పే నీరసాన్ని అందరూ వయసు కిందే జమ కట్టేస్తారు. రక్తపింజరి కాటు వేస్తే చావు తప్పించుకుని బయటపడ్డ కొందరు రైతులలో, కూలీలలో కూడా ఇదే గ్రంథి ఇదే తీరున దెబ్బతింటుంది. వీళ్లకు ఒక్క టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తే అది మామూలుగానే రావచ్చు, ఎందుకంటే టీఎస్‌హెచ్ తయారయ్యేదే పిట్యూటరీలో. దానితో పాటు థైరాయిడ్ గ్రంథి తయారుచేసే అసలు హార్మోను ఫ్రీ టీ4, కార్టిసాల్ చూస్తేనే జబ్బు పట్టుబడుతుంది. కార్టిసాల్ లోపాన్ని సరిచేయకుండా ముందు థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రమాదం కూడా. మీ ఇంట్లోనో, చుట్టాల్లోనో ఇలాంటి కథ ఉన్నవాళ్లు ఉంటే ఈ మాట వాళ్లకు చెప్పండి.

మీ సంగతిలో వయసు, హార్మోన్లు అని విడదీసి చూడటం కష్టం. మీ వయసులో అండాశయాలు నెమ్మదించి అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోను ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఊగిసలాడటమే వయసు చేసే పని. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో ముట్లు ఆగిపోతాయి. పాశ్చాత్య దేశాలలో 51 దగ్గర ఆగుతాయి. నెలసరి దూరం జరగడం, తెల్లవారుజామున ఆవిర్లు పుట్టి చెమట పట్టడం, నిద్ర చెదరడం, ఈ మూడూ కలిసి 48 ఏళ్ల స్త్రీలో వచ్చాయంటే అది ముట్లుడిగే దశ అని చెప్పడానికి సాధారణంగా రక్తపరీక్ష అవసరం ఉండదు. 45 దాటినవాళ్లలో అండాశయాలను నడిపించే పిట్యూటరీ హార్మోను ఎఫ్ఎస్‌హెచ్ పరీక్ష చేసినా ఈ వారం ఒకలా, వచ్చే నెల ఒకలా వస్తుంది కనుక దానివల్ల తెలిసేది తక్కువ. ఇవే లక్షణాలు 45 లోపు వస్తే ఆలోచించాలి, 40 లోపు వస్తే మాత్రం తప్పకుండా పరీక్షలు చేయాలి, ఎందుకంటే అంత ముందుగా ఈస్ట్రోజెన్ పోతే ఎముకలకూ గుండెకూ చేటు.

ఈ దశలో మీకు రెండు జాగ్రత్తలు చెప్పాలి. పన్నెండు నెలలపాటు నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది ఒక్క మరకే అయినా, వెంటనే గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. ఆ పన్నెండు నెలలు పూర్తయ్యేదాకా గర్భం వచ్చే అవకాశం ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇక నెలసరి క్రమం తప్పిందనగానే ‘గర్భసంచి తీయించేసుకుంటే పీడ విరగడవుతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో ప్రతి వీధిలోనూ ఉంటారు. దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ముప్పయ్యైదేళ్లు నిండకుండానే గర్భసంచి పోగొట్టుకుని, అండాశయాలు ఉన్నా అవి ముందుగానే అలసిపోయి, నలభై ఏళ్లకే ఎముకలు గుల్లబారిన స్త్రీలను చూసినప్పుడు నాకు కలిగే బాధ ఇంతా అంతా కాదు. ఆ ఆపరేషన్ తప్పనిసరయ్యే జబ్బులు ఉన్నాయి. మీరు రాసిన లక్షణాలు మాత్రం వాటిలోకి రావు.

ఆవిర్లు మీ నిద్రను, మీ పాఠాలను పాడుచేసే స్థాయిలో ఉంటే చికిత్స ఉంది, ఓర్చుకుని తీరాలన్న నియమమేమీ లేదు. అరవై ఏళ్ల లోపు, ముట్లాగి పదేళ్లు దాటనివాళ్లకు హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా ఇవ్వాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తనాళాల్లో గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లకు హార్మోను లేని మందులు ఉన్నాయి. ఏది మీకు సరిపోతుందో రొమ్ము పరీక్ష, బీపీ చూసి మీ గైనకాలజిస్టు చెప్పాలి.

అయితే చెమటలకూ, నెలసరికీ కారణం దొరికింది కదా అని నీరసాన్నీ, జుట్టు ఊడటాన్నీ దాని మీదికే నెట్టేయకూడదు. ముట్లుడిగే దశలో కొన్ని నెలలు రక్తస్రావం ఎక్కువై, ఒంట్లో రక్తం తగ్గిపోయిన స్త్రీలు చాలామంది ఉంటారు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, షుగర్ చూపించుకోండి. శాకాహారులలోనూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలోనూ బీ12 తగ్గడం మామూలే. అరికాళ్లలో తిమ్మిరి, మతిమరుపు కూడా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

మీ టీఎస్‌హెచ్ 6.2 గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంతకంటే ఎక్కువమందిని కంగారు పెట్టే అంకె మరొకటి లేదు. పనివాడు నెమ్మదిస్తే మేస్త్రి గొంతు పెంచినట్టు, థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారీ తగ్గిస్తే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. పెద్దలలో అది సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు ఉండటం మామూలు. 6.2 అంటే కొంచెం పెరిగింది, అసలు హార్మోను తగ్గిందో లేదో ఈ ఒక్క అంకె చెప్పదు. జబ్బు లేదని కొట్టిపారేయనూ లేం: 2013లో వెలువడిన ఎనిమిది నగరాల అధ్యయనంలో, హైదరాబాద్ కూడా అందులో ఉంది, పెద్దలలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ హార్మోను లోపం కనిపించింది. కాబట్టి రెండు మూడు నెలల తర్వాత అదే ల్యాబులో, ఇంచుమించు అదే వేళకు, టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4, థైరాయిడ్ మీద ఒంట్లోనే తయారయ్యే టీపీఓ యాంటీబాడీలు చేయించండి. ఇలా కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్ చాలామందిలో మందు లేకుండానే మళ్లీ సరైన స్థాయికి వచ్చేస్తుంది.

ఆ పరీక్షకు ముందు కనీసం రెండు మూడు రోజులు బయోటిన్ మాత్రలు ఆపాలి, ఈ సంగతి చాలామందికి తెలియదు. జుట్టు, గోళ్ల కోసం అమ్మే మాత్రల్లో బయోటిన్ మన రోజువారీ అవసరానికి వందల రెట్లు ఉంటుంది. కొన్ని రకాల యంత్రాలలో రక్తపరీక్ష బయోటిన్ ఆధారంగానే జరుగుతుంది కాబట్టి, రక్తంలో అది మోతాదుకు మించి ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. అంటే మీ అసలు టీఎస్‌హెచ్ 6.2 కంటే ఎక్కువ కూడా అయి ఉండవచ్చు. మాత్ర వేసుకుంటున్నారా అని ల్యాబులో ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

రెండోసారి ఫ్రీ టీ4 తక్కువగా వచ్చినా, టీఎస్‌హెచ్ 10 దాటినా మందు మొదలుపెడతారు. మధ్యలో ఉంటే మీ లక్షణాలు, యాంటీబాడీలు, కొలెస్టరాల్ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మీరు కూడా మీ ఒంటిని కాస్త గమనించండి. థైరాయిడ్ లోపం ఉన్న మనిషికి చలి ఎక్కువ, మే నెల ఎండల్లో గుంటూరులో కూర్చుని ఫ్యాన్ ఆపమంటారు. మలబద్ధకం, గొంతు బొంగురు, చర్మం పొడిబారడం, నాడి నెమ్మదించడం తోడవుతాయి. మీరు రాసిన చెమటలు దానికి సరిగ్గా ఎదురు దిశలో ఉన్నాయి. బరువు విషయంలో కూడా థైరాయిడ్ మీద మోయలేని నింద వేస్తాం: ఆ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలకు మించదు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరే. మందు అవసరమైతే పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంటసేపు కాఫీ జోలికి వెళ్లకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు పెంచినా టీఎస్‌హెచ్ దిగిరాదేమిటని వచ్చే సగంమందికి ఈ కాఫీ దగ్గరే తేడా దొరుకుతుంది.

ఇదే 6.2 మీ అత్తయ్య గారికి వచ్చి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. వయసు పెరిగే కొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం, డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లలో 6, 7 వరకు ఉన్నా అది జబ్బు కాకపోవచ్చు. యూరప్‌లో 65 దాటిన 737 మంది మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పాల్గొన్నవారి సగటు టీఎస్‌హెచ్ సుమారు 6.4 ఉండగా, సగం మందికి థైరాయిడ్ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత మందు తీసుకున్నవాళ్లలో అంకె అయితే తగ్గింది, నీరసంలో మాత్రం రెండు జట్లకూ తేడా లేదు. పెద్దవాళ్లలో మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. అలాగని పెద్దవాళ్ల థైరాయిడ్‌ను పట్టించుకోవద్దని కాదు. హార్మోను ఎక్కువైన యువకుడికి చేతులు వణుకుతాయి, ఆందోళనగా ఉంటాడు. అదే జబ్బు వృద్ధులలో ఆ సందడేమీ లేకుండా, బరువు తగ్గడం, గుండె దడ, ఒక మూల కూర్చుండిపోవడంగా మాత్రమే కనిపించవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని ముసలితనమే అనుకుంటారు. కాబట్టి కారణం లేకుండా తగ్గిన బరువును ఏ వయసులోనూ వయసుకు అంటగట్టవద్దు.

ఇంటికి వచ్చి చేసే 40 పరీక్షల ప్యాకేజీ వద్దు. ల్యాబు కాగితం మీద ‘నార్మల్’ అని రాసే హద్దును ఎక్కువ పరీక్షలకు ఆరోగ్యవంతులలో 95 శాతం మంది ఇమిడేలా గీస్తారు; అంటే ఏ జబ్బూ లేని ప్రతి 20 మందిలో ఒకరి అంకె ఆ హద్దు బయట పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 40 పరీక్షలు ఒకే మనిషికి చేస్తే, ఆమె పూర్తి ఆరోగ్యంగా ఉన్నా, కనీసం ఒక్కటైనా ఎర్ర అక్షరాలలో వచ్చే అవకాశం 87 శాతం దాకా ఉంటుంది. ఆ ఎర్ర అంకెను పట్టుకుని స్కానింగులూ, మందులూ మొదలవుతాయి. లక్షణాన్ని బట్టి పరీక్ష రాయాలి. మీకు ఏవి కావాలో పైన చెప్పాను, అవి అన్నీ కలిపినా పది దాటవు.

చివరగా మీవారి సంగతి. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ ముప్పై, నలభై దాటాక ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. ఆ తగ్గుదల అందరికీ ఉండేదే, అది జబ్బు కాదు. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ల మధ్య 3,369 మంది పురుషులను పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనంలో, లక్షణాలూ రక్తపరీక్షా రెండూ కలిసి నిజమైన లోపం ఉన్నవాళ్లు 2.1 శాతమే తేలారు. అందులో లోపాన్ని నమ్మకంగా పట్టిచ్చిన లక్షణాలు నీరసం, విసుగు కావు. లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, తెల్లవారుజామున సహజంగా వచ్చే అంగస్తంభన ఆగిపోవడం, ఈ మూడూ కలిసి ఉండటం. ఇవి మీవారు మీకు చెప్పకపోవచ్చు, డాక్టరు విడిగా అడిగితే చెబుతారు. అంగస్తంభన ఇబ్బంది గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు సూచన కూడా కావచ్చు కనుక సిగ్గుపడి దాచుకోవద్దని ఆయనకు చెప్పండి.

మీరు రాసిన పొట్ట, గురక, పగటి అలసట కలిపి చదివితే నాకు ముందు తట్టేది నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ అప్నియా, ఆ తర్వాత షుగర్. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయని లెక్కగట్టింది. 55 ఏళ్ల వయసులో పొట్ట పెరిగిన మనిషికి ఇది చూడకుండా టెస్టోస్టెరాన్ దాకా పోవడం సరికాదు. రాత్రి గురక మధ్యలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ అందుకుంటున్నారేమో ఒకటి రెండు రాత్రులు మీరు గమనించండి, ఫోనులో రికార్డు చేసి డాక్టరుకు వినిపించినా ఉపయోగమే. ఊబకాయం, స్లీప్ అప్నియా, షుగర్ ఈ మూడూ టెస్టోస్టెరాన్‌ను తగ్గిస్తాయి. పొట్ట తగ్గితే ఆ హార్మోను దానంతటదే కొంత పెరుగుతుంది. ‘దేని మీదా మనసు పోవడం లేదు’ అన్న మాటను కూడా తేలికగా తీసుకోకండి, అది కుంగుబాటు కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది.

మందుతో యవ్వనం తిరిగి తెచ్చుకోవాలన్న ఆశ కొత్తది కాదు. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పేరున్న శాస్త్రవేత్త తన 72వ ఏట కుక్కల, గినీ పందుల వృషణాల సారాన్ని తనకు తానే ఇంజక్షన్ చేసుకుని ఒంట్లో బలం తిరిగొచ్చిందని ప్రకటించాడు. ఆ సారంలో హార్మోను లెక్కలోకి రానంత తక్కువని తర్వాత తేలింది, ఆయనకు వచ్చిన బలం నమ్మకం తెచ్చినదే. ఇప్పటి ఇంజక్షన్లలో మందు నిజంగానే ఉంటుంది, అందుకే ప్రమాదమూ నిజమే. బయటినుంచి టెస్టోస్టెరాన్ అందితే వృషణాలు తమ పని తగ్గించుకుని వీర్యకణాల సంఖ్య పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, చికిత్స చేయని స్లీప్ అప్నియా ఉన్నవాళ్లకు అది ఇంకా ముదరవచ్చు. పైన చెప్పిన మూడు లక్షణాలూ ఆయనకు ఉంటే ఉదయం పది లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజులు రక్తం ఇవ్వాలి, ఎందుకంటే ఈ హార్మోను ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. సాయంత్రం తీసిన రక్తంలో తక్కువ చూపించి ఇంజక్షన్ అంటగట్టే చోట్లు ఉన్నాయి. రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తేనే పిట్యూటరీ హార్మోన్లయిన ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ చేయించి, లోపం వృషణాలలోనా, పిట్యూటరీలోనా అన్నది తేల్చుకుని, ప్రోస్టేట్ పరీక్ష కూడా అయ్యాక చికిత్స గురించి ఎండోక్రినాలజిస్టుతో మాట్లాడమనండి. ఈ పరీక్షలు పూర్తయ్యేలోపు ఒక్క ఇంజక్షన్ కూడా వేయించుకోవద్దని చెప్పండి, ఎందుకంటే అది పడ్డాక కొన్ని వారాలపాటు ఆయన సొంత హార్మోను ఎంత ఉందో ఏ పరీక్షా చెప్పలేదు.